ఇద్దరం కలిసి నూట ఇరవై

తూకం 1. నేను 89. మూట 31.

ఈ పుస్తకం నేను సరదాపడి రాస్తున్నది కాదు. తూకం ఆఫీసు సింహాద్రి చేతిలో పెట్టి రాయమన్నాడు. పదిహేను కిలోలకు మించి పెరిగినవాళ్ళు ఏం తిన్నారో, ఎంత నడిచారో శుక్రవారం శుక్రవారం రాసి చూపించాలట. నేను ఐదో తరగతి వరకూ చదివాను. అందులో మూడో తరగతి రెండుసార్లు చదివాను, బాగుందని. కాబట్టి సింహాద్రీ, తప్పులు దిద్దకు. బాధైతే చదవకు.

ఈ ఉదయం లేచి చూస్తే మంచం మీద ముత్యాలు కాళ్ళు చదునైపోయి ఉన్నాయి.

ముత్యాలు నా కూతురు. పోయి పద్నాలుగు నెలలు. మా తెప్ప మీద నాలుగు వందల మందిమి ఉన్నాం. మా అమ్మమ్మ పుట్టిన ఊరు మా కాళ్ళ కిందే, నీళ్ళ అడుగున ఉంది. వల వేస్తే ఒక్కోసారి ఎవరిదో గడప వస్తుంది. నీళ్ళ మీద తేలే ఊరు కాబట్టి ఒక మూల బరువు తగ్గితే ఇంకో మూల మునుగుతుంది. అందుకని ఎవరైనా పోతే ఆ మనిషి బరువంత ఇసుక మూటగట్టి, ఆ మనిషి పడుకున్న చోటే పెడతారు. మూటను పోయినవాళ్ళ బట్టలతోనే కుట్టాలి. అందరూ దిండులా గుండ్రంగా కుట్టేస్తారు. నాకు కుట్టుపని వచ్చు కదా, నేను అది పంపు పనికి వేసుకునే నీలం ప్యాంటూ పువ్వుల చొక్కా కలిపి కుట్టాను. అచ్చం మనిషిలా వచ్చింది, తల తప్ప. యాభై రెండు కిలోలు. గోడకు ఆనించి కూర్చోబెడితే కాళ్ళు చాపుకుని కూర్చునేది. ఇంట్లో పని చెప్పినప్పుడు ఎలా కూర్చునేదో అలాగే.

అలాంటి కాళ్ళు ఇవాళ ఎండుచేపల్లా ఉన్నాయి. చిల్లు పడిందేమోనని వెతికాను. లేదు. తూకం ఆఫీసుకు పోయి పట్టుకున్నాను.

"ఏరా సింహాద్రీ, నా గుంట ముత్యాలు ఇసక ఎవుడు ఎత్తుకెల్లిపోనాడు?"

"ఎవుడూ ఎత్తుకెల్లలేదప్పా."

"మరి ఇరవై కిలోలు ఏటైపోనాది? నీ మీసానికి రాసుకున్నావేటి?"

అక్కను పిలిచినట్టు అప్పా అంటూనే వాడు నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. తర్వాత నేల చూశాడు.

"నీ ఒంట్లోనే ఉందప్పా."

మా ఇంటికి రాసిపెట్టిన బరువు నూట ఇరవై. అరవై ఎనిమిది నాది, యాభై రెండు దానిది. నేను ఒక కిలో పెరిగితే వాడు మూటలోంచి ఒక కిలో తీస్తున్నాడు. నేను ఉమ్మడి వంటశాలలో వండుతున్నప్పుడు వచ్చి తీస్తున్నాడట. "నీ కళ్ళ ముందల తియ్యడానికి నాకు సెయ్యి రానేదప్పా" అన్నాడు. వారం వారం తూకంబల్ల ఎక్కుతూనే ఉన్నాను గానీ అంకె ఎప్పుడూ చూడలేదు. చూసి ఏం చేయాలి?

అంటే పద్నాలుగు నెలలుగా నేను నా కూతుర్ని తింటున్నాను. ఇరవై ఒక్క కిలోలు తిన్నాను. రాస్తుంటే నవ్వొస్తోంది.

"ఇంకో మాటప్పా. ముప్పైకి దిగితే పర్లేదు, ముప్పై కిందికి దిగితే మాత్రం మూట ఎత్తీయాల. ఆ మంచం, తెప్ప మీద సోటుకోసరం గట్టు మీద పేర్లు రాయించుకున్నోలికి ఎల్లిపోద్ది. రూలు."

అంటే రెండు కిలోలు. పండగపూట నాలుగు గారెలు, ఒక మంచి నిద్ర.

ముప్పై ఒకటి నాకు గుర్తుంది. మా పిల్లల వయసులు మేము ఏళ్ళలో కాదు, తూకాల్లో గుర్తుపెట్టుకుంటాం. ముప్పై ఒకటి అంటే పదేళ్ళు. ముందు పన్ను విరగ్గొట్టుకుని వచ్చి, చేప కొరికిందని చెప్పిన ఏడు.

తిన్నది: అన్నం. ఎంతో రాయను.
నడిచింది: తూకం ఆఫీసుకు, తిట్టడానికి.

తూకం 2. నేను 89. మూట 31.

తూకంబల్లకి మాటలు పెట్టిన మహానుభావుడు ఎవరో గానీ వాడు గట్టు మీద సుఖంగా ఉండి ఉంటాడు. ఎక్కగానే ఆడగొంతుతో మొదలుపెడుతుంది.

"శుభోదయం నూకరత్నం గారూ. మీరు ఎనభై తొమ్మిది. ప్రయత్నిస్తే మీరు సాధించగలరు."

"ప్రయత్నిస్తే నువ్వు నోరు ముయ్యగలవు" అన్నాను. వెనక వరసలో అందరూ నవ్వారు.

పక్కింటి సుగుణ నవ్వలేదు, దానికి ఓపిక లేదు. చెవి వెనక ఆకలిబిళ్ళ అంటించుకుంటుంది. చింతగింజంత ఉంటుంది. అది ఉన్నంతకాలం ఆకలి అనేది ఉండదు. మా వరసలో సగం మంది చెవుల వెనక అదే. అందరూ సన్నగా, అందంగా, గాలి వస్తే గోడ పట్టుకుని ఉంటారు.

"ఆకలే నేకపోతే తినీదేటుంది వదినా? నాను అన్నం రుసి సూసి మూడు నెల్లయిపోనాది" అంది, పతకం వచ్చినట్టు.

నాకు రెండు కిలోల దూరంలో కత్తి వేలాడుతోంది. అంటించమన్నాను.

తూకం 7. నేను 82. మూట 38.

ఐదు వారాల్లో ఏడు కిలోలు! సింహాద్రి ఇసుక పోస్తుంటే పక్కనే నిలబడి చూశాను. మోకాళ్ళు వచ్చాయి దానికి. పదేళ్ళ పిల్ల కళ్ళముందే పదమూడేళ్ళదైపోయింది.

బల్ల "అభినందనలు" అంది. ఈ ఒక్కసారికి తిట్టలేదు.

రాయకూడదనుకున్నాను గానీ రాస్తాను. వంటశాల మెట్లు పద్నాలుగు. ఎనభై తొమ్మిది ఉన్నప్పుడు రొప్పుతూ ఎక్కేదాన్ని. ఎనభై రెండుకి వచ్చాక ఏడో మెట్టు మీద కూర్చుని, గంజి డేక్సా వదిలేశాను. అది దొర్లుకుంటూ పోయి పెద్దాయనెవరి కాలికో తగిలింది. పులుసులో ఉప్పు లేదని నూట పది మంది చెప్పారు. నాకు రుచే తెలియడం లేదు. చేతులు సంచుల్లా వేలాడుతున్నాయి. కొవ్వు ఒక్కటే పోయిందనుకున్నాను, సత్తువ కూడా మూటగట్టుకుని దాంతోపాటే వెళ్ళిపోయింది.

బిళ్ళ నలభై రోజులే పనిచేస్తుంది. ఇంకొకటి కావాలంటే గట్టు నుంచి పడవ రావాలి. రాలేదు.

తూకం 9. నేను 86. మూట 34.

ఆకలి తిరిగొచ్చింది. ఒంటరిగా రాలేదు, అత్తారింటి చుట్టాలందరినీ వెంటపెట్టుకొచ్చింది.

ఈ వారం ఏం తిన్నానో రాయాలంటే ఇంకో పుస్తకం ఇవ్వు సింహాద్రీ.

తూకం 11. నేను 90. మూట 30.

వాన కురుస్తోంది. బల్ల ఎక్కాను. "మీరు తొంభై ఒకటి" అంది బల్ల. మూట ఇరవై తొమ్మిదికి దిగాలన్నమాట. నా చెవులు గుయ్యిమన్నాయి. సింహాద్రి కలం పట్టుకుని నన్ను చూశాడు. నా చీరను చూశాడు. కొంగు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"తడిసీర" అన్నాడు గట్టిగా, అందరికీ వినపడేలా. "తడిసీర కిలో తూగుతాది. తొంభై." రాసేశాడు.

బల్ల "సవరణ నమోదు కాలేదు" అని గోల చేసింది. వాడు దాని మీద గోనె కప్పాడు.

నీ మీసం గురించి అన్నవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను సింహాద్రీ. ఇందులో రాసి ఉంది కాబట్టి ఇక సాక్ష్యం కూడా ఉంది.

కానీ ఇంటికొచ్చేసరికి అప్పలకొండ వెనకే వచ్చింది.

అప్పలకొండ పంపుగదికి పెద్ద. తెప్ప కింది పీపాల్లోకి ఊరే నీళ్ళను రోజంతా తొక్కి తోడాలి కదా, ఆ తొక్కేవాళ్ళకు నాయకురాలు. అరవై మూడేళ్ళు, ఎండు కొబ్బరిపీచులా ఉంటుంది. ముత్యాలు ఆమె దగ్గరే పంపు తొక్కేది. నీళ్ళు పీల్చే గొట్టానికి చిరిగిన వల చుట్టుకుంటే, తీయడానికి తెప్ప కిందికి దిగింది. మళ్ళీ రాలేదు. ఒళ్ళు కూడా దొరకలేదు. ఆ రోజు దాన్ని దింపింది అప్పలకొండే. అప్పటి నుంచి నేను ఆమెతో మాట్లాడలేదు.

ఆమె నా గుమ్మంలో నిలబడి వంటింటి వైపు చూసింది.

"రెండు పళ్ళేలెందుకే, రత్నం?"

నేను పళ్ళేలకు అడ్డంగా నిలబడ్డాను.

"ఒకటి దానికా?"

"ఊ."

"అది తినదు కదే."

"అందుకే నాను తింతన్నాను" అన్నాను. పద్నాలుగు నెలలు దాటాక ఆమెతో మాట్లాడిన మొదటి మాట. "సెయ్యి ఇద్దరికే కొలిసి వొండుతాది. ఏటి సెయ్యమంటావు? సముద్రంలో పారబోస్తే సొరసేపలు వస్తాయని మీరే కదేటి రూలెట్టినారు."

ఆమె మూటను చూసింది. ఖాళీ ప్యాంటు కాళ్ళను చూసింది.

"ఆ రెండో పళ్ళెం నాకు అట్టుకురా. నాకు వొండేవోలు నేరు. దినామూ పంపుకాడికి నువ్వే తేవాల. నాను రాను."

"నీకెట్టడం కన్నా సొరసేపకెట్టీడం నయం."

"ఎట్టు. అది కరిస్తే నీకు ఒకేసారి తగ్గిపోద్ది" అని వెళ్ళిపోయింది.

తూకం 12. నేను 90. మూట 30.

పట్టుకెళ్ళాను. ఎందుకంటే అడగకండి. పళ్ళెం నిండా ఉంది, పారబోయకూడదు, నేను తినకూడదు. మిగిలింది ఆ ముసల్దే.

మాది పడమటి వరస. పంపుగది తూర్పు చివర. ఆరువందల నలభై అడుగులు. మూడుచోట్ల కూర్చున్నాను. వెళ్ళేసరికి పులుసు చల్లారిపోయింది.

"బతికే ఉన్నావేటి? సేప మళ్ళీ సముద్రంలోకి ఎల్లిపోనాదేమో అనుకున్నాను" అంది. అంతా తిని వేళ్ళు నాకింది. "ఉప్పెక్కువ" అంది. బాగుందని మాత్రం అనలేదు.

గదిలో ఆరు తొక్కుడుచెక్కలు వరసగా ఉన్నాయి. ఐదింటి మీద మనుషులు. చివరిది ఖాళీ. పట్టుకునే కర్రకు నీలం పీలిక చుట్టి ఉంది. ముత్యాలు ప్యాంటు చిరుగుదే.

తూకం 14. నేను 89. మూట 31.

ఎక్కాను. ఆ ఖాళీ చెక్క మీద నలభై తొక్కులు. నలభై ఒకటోది దేవుడు కూడా తొక్కించలేడు.

పంపు తొక్కేవాళ్ళకు పాట ఉంటుంది, లెక్క తప్పకుండా. తొంభై తొక్కులకు ఒక చరణం. వాళ్ళు పాడుతుంటే వింటున్నాను.

తొక్కవే తొక్కవే తూరుపు పిల్లా
తూకం ఆఫీసు మీసమూ తూగిందే పిల్లా
మీసం ఐదు కిలోలు, మనిషి నాలుగే పిల్లా

"ఈ పాట ఎవులు కట్టినారు?" అన్నాను.

అందరూ ముత్యాలు చెక్క మీదున్న నన్ను చూశారు.

సింహాద్రీ, నా కూతురు నీ మీసం గురించి అనుకున్నది ఇదీ. రికార్డు కోసం రాశాను.

తూకం 19. నేను 87. మూట 33.

తిన్నది రాయమన్నావు కదా, రాస్తున్నాను. పొద్దున చోడంబలి, ఉల్లిపాయ. మధ్యాహ్నం ఒక పళ్ళెం అన్నం, ఒకటే పళ్ళెం, చేప, నాచుకూర. పొద్దు గూకకముందే మళ్ళీ అంబలో, రెండు రొట్టెలో. కూర్చుని తింటాను, నమిలి తింటాను. ఇదివరకు నిలబడి, గరిటెతో, డేక్సాలోంచే తినేదాన్ని. ఎవరో తరుముకొస్తున్నట్టు.

శనివారం బెల్లం గారె. ఒకటి. మానేస్తానంటే అప్పలకొండ ఒప్పుకోలేదు.

"మానీకు. మానేస్తే దొంగతనంగా పది తింతావు. నీ మొకం నాకు తెల్దేటి?"

నడిచింది: దినానికి పన్నెండు వందల ఎనభై అడుగులు, పోనూ రానూ. ఇప్పుడు మధ్యలో ఒకచోటే కూర్చుంటున్నాను. తొక్కులు మూడు వందలు. బల్ల "మీ పురోగతి నెమ్మదిగా ఉంది" అంటోంది. దాని పురోగతి ఏమిటో నాకు తెలియదు. పుట్టినప్పటి నుంచి ఒక్కచోటే ఉంది.

ముప్పై మూడు అంటే పదకొండేళ్ళు. నా చీర కట్టుకుని, పడి, గడ్డం చీరుకున్న ఏడు. ఆ ఏడాదంతా నేను దాన్ని తిడుతూనే ఉన్నాను. ఈసారి తిట్టలేదు.

తూకం 23. నేను 87. మూట 33.

నాలుగు వారాలుగా గ్రాము కదల్లేదు. అదే అంబలి, అదే నడక, ఐదు వందల తొక్కులు, చెమట బిందెలకొద్దీ. ముత్యాలు పదకొండేళ్ళ దగ్గరే ఆగిపోయింది. ఎంత ఏడ్చినా ఎదగదేం?

బల్లను తన్నాను.

"దయచేసి పరికరాన్ని తన్నకండి" అంది.

పంపుగదికి పోయి పళ్ళెం అప్పలకొండ ముందు విసిరినట్టు పెట్టాను. "ఇంక నా వల్ల కాదు. బిల్ల తెచ్చుకుంటాను. పడవొచ్చింది."

ఆమె తొక్కడం ఆపలేదు. "లంగా బొందు ఎంత మిగుల్తంది?"

"ఏటి?"

"బొందే, బొందు. ముడేసినాక ఎంత ఏలాడతంది?"

చూసుకున్నాను. ఇదివరకు ముడికే చాలేది కాదు. ఇప్పుడు జానెడు వేలాడుతోంది. మిగిలిన నలుగురూ ఆ జానెడు బొందును శ్రద్ధగా చూశారు, సిగ్గులేనివాళ్ళు.

"తొడ నొక్కి సూడు. రాయిలాగుందా? కొవ్వు ఎల్తంది, కండ వస్తంది. రెండూ ఒకే గుమ్మంకాడ ఎదురైనాయి. కూసింత జరగనీ. నిరుడు బిల్లెట్టుకుని ఏడు కిలోలు తగ్గినావు, మెట్టెక్కనేకపోనావు. ఇప్పుడు ఏదీ తగ్గలేదంటన్నావు, ఆరొందల నలభై అడుగులు కూకోకుండా వచ్చినావు. ఏది మేలే?"

నిరుడు కాదు, నాలుగు నెలల కిందట. ముసల్దానికి లెక్కలు రావు. కానీ ఇవాళ నేను మధ్యలో కూర్చోలేదు. కోపంలో మరచిపోయాను.

తూకం 30. నేను 83. మూట 37.

కదిలింది. ఏడు వారాల్లో నాలుగు. ముప్పై ఏడు అంటే పన్నెండేళ్ళు దాటి పదమూడు. నాతో మాటలు మానేసి తలుపులు గట్టిగా వేసిన ఏడు.

అప్పలకొండ ఇవాళ తిని, చేయి కడుక్కుని, పళ్ళెం ఇవ్వకుండా ఒళ్ళో పెట్టుకుంది.

"రత్నం. ఆ దినం దాన్ని నాను దింపలేదే."

నేను కర్రను గట్టిగా పట్టుకున్నాను.

"దిగీ వొంతు నాది. మోకాలు పట్టీసింది. తాడు కట్టుకుంతన్నాను, అది నా నడుంమీంచి తాడు ఇప్పీసి తను కట్టీసుకుంది. ‘ముసిల్దానా, కూకో. నువ్వు దిగితే నిన్ను తియ్యడానికి మళ్ళీ నానే దిగాల’ అంది. నవ్వుకుంటా దిగింది. నాను దింపినానని నువ్వనుకుంటే అనుకోనీ అనుకున్నాను. దింపకపోయినా కూకున్నాను కదా."

ముసిల్దానా, కూకో. ఆ మాట దానిదే. ఇంకెవరూ కల్పించలేరు.

నేను తొక్కుతూనే ఉన్నాను. ఎన్ని తొక్కానో లెక్క తప్పింది. దిగాక పళ్ళెం తీసుకున్నాను.

"రేపట్నించి పులుసులో ఉప్పు తగ్గిస్తాను" అన్నాను.

"తగ్గించు" అంది. ముక్కు చీదింది, అదీ నా కొంగుతోనే.

తూకం 38. నేను 79. మూట 41.

ఈ వారం ఏమీ జరగలేదు. వండాను, నడిచాను, తొక్కాను, గారె తిన్నాను. పుస్తకంలో రాయడానికి ఏమీ లేని వారాలే మంచివని ఇప్పుడు తెలిసింది.

సుగుణ వాళ్ళింటి గోడ పట్టుకుని నిలబడి నా కేసి చూస్తోంది. "బిల్ల నేకుండానా వదినా?" అంది. రా, చూపిస్తానన్నాను. అంతదూరం నడవలేనంది.

తూకం 43. నేను 76. మూట 44.

మంగళవారం సంగతి ఇప్పుడు రాస్తున్నాను. అరచేతుల నిండా బొబ్బలు, అక్షరాలు వంకరగా ఉంటే అదే కారణం. లేకపోయినా వంకరగానే ఉంటాయి.

పొద్దున తొమ్మిదికి తూర్పుగాలి లేచింది. మా ఇళ్ళలో గోడకు రసమట్టం ఉంటుంది, గాజుగొట్టంలో బుడగ. నడిమిన ఉంటే ఊరు క్షేమం. నేను అంబలి కలుపుతుంటే బుడగ తూర్పుకు పోయి గొట్టం చివర ఇరుక్కుంది. అంబలి గిన్నె పడమటికి జారిపోయింది. తూర్పు లంగరు తాడు తెగి ఆ చివర పైకి లేచింది. మా వరస వాకిళ్ళలోకి నీళ్ళు వచ్చేశాయి.

గంట మోగింది. "తూరుపుకి! మనుసులు, మూటలు, అన్నీ తూరుపుకి!" సింహాద్రి అరుస్తూ పరిగెత్తుతున్నాడు.

ముత్యాలు చంకల కింద చేతులు వేసి లాగాను. నలభై నాలుగు కిలోలు. ఏడాది కిందట ఇసుక చెంచాడు ఎత్తలేకపోయేదాన్ని. మంచం అంచుకు తెచ్చి, దాని ముందు కూర్చుని, ప్యాంటు కాళ్ళు రెండూ నా భుజాల మీదుగా ముందుకు లాక్కుని, గుండెల దగ్గర ముడేశాను. చిన్నప్పుడు గంగమ్మ ఉత్సవంలో మెడ మీద ఎక్కించుకున్నట్టే. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాను. లేచాను! తొడలు రెండూ అప్పలకొండ పేరు చెప్పుకుని లేచాయి.

పక్క గుమ్మంలో సుగుణ, పోయిన వాళ్ళత్త మూటను లాగుతోంది. మూట అరవై ఒకటి, సుగుణ నలభై మూడు.

"వదినా! అత్త కదల్డంనేదు!"

"బతికున్నప్పుడు కదిలిందేటి? ఉండు, వస్తాను" అని అరిచి నడిచాను.

ఆరువందల నలభై అడుగులు, ఈసారి ఎత్తు ఎక్కుతూ. గాలీ వానా ముఖం మీద కొడుతున్నాయి. దారి పొడవునా సన్నటి అందమైన మనుషులు మూటల పక్కన చతికిలబడి ఉన్నారు. నేను పాట అందుకున్నాను, లెక్క కోసం. తొంభైకి ఒక చరణం. ఏడు చరణాలు, పది అడుగులు. మీసం చరణం దగ్గర సింహాద్రి ఎదురొచ్చాడు. వాడు నవ్వాడో ఏడ్చాడో వానలో తెలియలేదు. రెండుచోట్ల ఆగాను. కూర్చోలేదు. కూర్చుంటే లేవనని తెలుసు. వీపు మీద దాని బరువు అటూ ఇటూ ఊగుతుంటే, "కుదురుగా కూకో గుంటా" అన్నాను. కుదురుగానే కూర్చుంది, జన్మలో మొదటిసారి.

పంపుగదిలో దాన్ని దాని చెక్క పక్కన దింపి, స్తంభానికి కట్టేశాను. వెనక్కి పోయి సుగుణా నేనూ కలిసి వాళ్ళత్తను ఈడ్చుకొచ్చాం. దారంతా సుగుణ ఆవిడను తిడుతూనే ఉంది, పదేళ్ళుగా దాచుకున్నవన్నీ. తర్వాత చెక్కలెక్కి మధ్యాహ్నం దాకా తొక్కాం. కొత్త తాడు పడ్డాక బుడగ మెల్లగా నడిమికి వచ్చింది. అప్పలకొండ దాన్ని చూసి, "పులుసేదే?" అంది.

తూకం 44. నేను 76. మూట 44.

ఈ ఉదయం ఎవరి మూట వాళ్ళ ఇంటికి చేరుస్తున్నారు. సింహాద్రి ఇద్దరు మనుషులతో పంపుగదికి వచ్చాడు. నేను చెక్క మీద ఉన్నాను. పక్క చెక్క మీద సుగుణ. చెవి వెనక ఏమీ లేదు. ముప్పై తొక్కులకే ప్రాణం పోతోందని అరుస్తోంది.

"అప్పా, ముత్యాల్ని ఇంటికి తీసుకెల్దుమా?"

నేను దాన్ని చూశాను. స్తంభానికి ఆనుకుని, కాళ్ళు చాపుకుని, మేమందరం తొక్కుతుంటే చూస్తూ కూర్చుంది. పిక్కల దాకా నిండింది. పదిహేనేళ్ళు. పంపుగదిలో చేరతానని మూడు రోజులు అన్నం మానేసి సాధించుకున్న ఏడు. అప్పుడు ఇంట్లో కూర్చోబెట్టాలని చూసింది నేనే.

"ఇంట్లో కూకోమంటే కూకునే గుంటేటి అది? ఈడనే ఉండనీ."

సింహాద్రి తలగోక్కున్నాడు. "ఈడుంటే ఊరి బరువు కింద రాయాల. తూరుపు సివరకి ఎలగూ బరువు సాలడంనేదు, మంచిదే. దానికి ముప్పై రూలు ఉండదు, ఎవులూ తియ్యరు. కానీ నీ ఇంట్లో ఆ మంచం..."

"కాలీ. తెలుసు. గట్టు మీదోలిని ఎవులినైనా పంపు. సెయ్యి ఎలగూ రెండు పళ్ళేలకి కొలుస్తాది, మూడుకి నేర్పుతాను. తిండికాడ వంకలెట్టేవోలొద్దు."

వాడు రాసుకున్నాడు. కలం మూతపెడుతుంటే చేయి పట్టుకున్నాను.

"ఒరే, ఒకటి. నాను తగ్గిన కిలో ప్రెతీదీ దీన్లోనే పొయ్యాల. యాభై రెండయ్యీదాకా."

"ఇంకా ఎనిమిది కిలోలప్పా. బిల్లెట్టుకుంటే రెండు నెల్లలో..."

అప్పలకొండ, సుగుణ, మిగతా నలుగురూ ఒకేసారి వాణ్ణి చూశారు.

తొందరేమీ లేదు సింహాద్రీ. పదిహేనేళ్ళ పిల్ల ఇరవై మూడేళ్ళది కావడానికి మొదటిసారి ఎనిమిదేళ్ళు పట్టింది. ఆ ఎనిమిదేళ్ళూ నేను వంటింట్లోనే ఉండిపోయి, దాన్ని సరిగ్గా చూడలేదు. ఈసారి రోజూ చూస్తూ పెంచుతాను, కిలో కిలో.

తిన్నది: అంబలి, చేప, ఒక పళ్ళెం అన్నం. రేపు శనివారం, గారె.
నడిచింది: పన్నెండు వందల ఎనభై.
తొక్కినవి: తొమ్మిది వందలు. నీ మీసం మీద కొత్త చరణం ఒకటి కట్టాం. వచ్చి విను.